నేవీ శిక్షణ పడవకి మరమ్మతు: కృష్ణ ఒడ్డు షెడ్డులో పని ఎలా ఉంది?

విజయవాడలో కృష్ణ ఒడ్డున చేపల పడవలు, టూరిస్టు బోట్లు బాగుచేసే షెడ్డు ఒకటి పాత చెక్క పడవలనూ తీసుకుంటోంది. నేవీ శిక్షణ నుంచి రిటైరైన 27 అడుగుల వేలర్‌కి అక్కడ జరిగిన పని గురించే ఈ రివ్యూ. వేలర్ ఐదు తెడ్ల పడవ. పెంకుటింటి కప్పులా పలక అంచు మీదికి పలక ఎక్కి, రాగి మేకులతో బిగిసి ఉంటుంది.

వడ్రంగం అద్భుతం. పాత మేకుల్ని పీకలేదు, పీకితే పలక చీలుతుంది. లోపలివైపు రాగి బిళ్ల మీద అణిగిన కొసని అరగదీసి, మేకుని బయటికి నెట్టారు. కొత్త మేకుకి ముందు డ్రిల్లుతో దారి వేశారు. బయట ఒకరు మేకు తలకి బరువైన ఇనుప దిమ్మె ఆనించి పట్టుకుంటే, లోపల ఇంకొకరు బిళ్ల తొడిగి, 2 మిల్లీమీటర్లు వదిలి కత్తిరించి, చిన్న సుత్తితో మెల్లమెల్లగా కొస అణిచారు. తొందరపడి గట్టిగా కొడితే చెక్క లోపలే మేకు వంగుతుంది. పైకి ఏమీ కనపడదు, నీళ్లలో దించాకే కారుతుంది.

పుచ్చినంత మేరే కోసి అతుకు వేశారు. 12 మిల్లీమీటర్ల పలకకి 96 మిల్లీమీటర్ల ఏటవాలు, అంటే మందానికి ఎనిమిది రెట్లు. పలక మొత్తం మార్చడం తేలికే, కానీ చరిత్ర ఉన్నది ఆ పాత చెక్కలోనే. తీసేసిన ముక్కలకి నంబర్లు రాసి తిరిగి ఇమ్మని ముందే చెప్పండి, లేకపోతే పొయ్యిలోకి పోతాయి.

ఇక లోపాలు. పైన ఫైబర్ వేస్తే జీవితకాలం ఢోకా లేదంటారు. ఒప్పుకోవద్దు. తడికి చెక్క ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది, ఫైబర్ కదలదు. సందులో చేరిన నీరు బయటికి రాక లోపలే పుచ్చు పడుతుంది. పలకల మధ్య గట్టి పుట్టీ కూడా అంతే, చెక్క ఉబ్బినప్పుడు మేకుల్నే లాగేస్తుంది. పాత రంగుని పొడిగా గ్రైండర్‌తో గీకడం ఇంకా ప్రమాదం. నేవీ పాత పూతల్లో సీసం ఉండొచ్చు, ఆ దుమ్ము పీల్చకూడదు. తడిపి, మాస్కు పెట్టుకుని రుద్దాలి. ఒక మూల జానెడు మేర పాత పొరలన్నీ అలాగే వదిలేస్తే అసలు రంగు ఏదో రేపు చూసేవాళ్లకీ తెలుస్తుంది.

పడవని రెండు దుంగల మీదే నిలపడం మాకు అసలు నచ్చలేదు. కీల్ (పడవ అడుగున పొడవునా ఉండే వెన్ను దూలం) కింద నాలుగైదు అడుగులకొకటి చొప్పున దిమ్మెలు ఉండాలి, లేకపోతే నడుమో కొసలో కుంగుతాయి. అప్పగించేటప్పుడూ, తీసుకునేటప్పుడూ కీల్ పొడవునా దారం లాగి, దారానికీ కీల్‌కీ మధ్య ఎడం కొలిచి రాసుకోండి.

విశాఖ బీచ్‌లో 2002 నుంచి మ్యూజియంగా ఉన్న కుర్సురా జలాంతర్గామి ఉక్కుది, దానికి తుప్పు శత్రువు. చెక్కకి ఉప్పునీటి కంటే నిలిచిన వాననీరే చేటు. అడుగు బిరడా తీసి, వెనక భాగం కాస్త వాలుగా ఉంచి, గాలి ఆడేలా పైన కప్పు వేయాలి. బెజవాడ మే ఎండలో మాత్రం పలకలు ఎండి నోళ్లు తెరుస్తాయి కాబట్టి లోపల తడి గోనెసంచులు పరచాలి.

నదిలో దించినరోజు నీరు ఊరుతుంది. మునగకుండా పడవని బెల్టుల మీద ఆనించి రెండు మూడు రోజులు నాననిస్తే పలకలు ఉబ్బి వాటంతటవే మూసుకుంటాయి. ఆలోగా షెడ్డువాళ్లు పుట్టీ డబ్బా తెరిస్తే ఆపండి.