కొండదారుల్లో ట్రైలర్ సైకిల్: చాలాకాలం వాడాక చెబుతున్న మాట

సెలవులకి కొండ ప్రాంతానికి వెళ్ళి, ఐదారేళ్ళ పిల్లతో రోజంతా సైకిల్ మీద తిరగాలనుకునేవాళ్ళకి ట్రైలర్ సైకిల్ పనికొచ్చే వస్తువే. అయితే అమ్మేవాళ్ళు చెప్పే కారణానికి మాత్రం కాదు. "పిల్ల కూడా తొక్కుతుంది కదా, మీకు బరువు తెలీదు" అంటారు. ఉత్తమాట. బరువు బ్రహ్మాండంగా తెలుస్తుంది.

చూడనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఇది ముందు చక్రం లేని చిన్న సైకిల్. ముందుకి వచ్చే పొడవాటి పైపు మన సైకిల్ సీటు కింద ఉండే పోస్టుకి బిగుస్తుంది. వెనక 20 అంగుళాల చక్రం, పిల్లకి సొంత సీటు, పెడల్స్, చైను, కదలని హ్యాండిల్. మాదాంట్లో పిల్లకి బ్రేకు లేదు, చాలావాటికి ఉండదు. ఆపే పని మొత్తం మనదే.

ట్రైలరూ పాపా కలిపితే 30 కిలోల దాకా అదనం. చదును రోడ్డు మీద ఒకసారి కదిలాక అది పెద్దగా గుర్తుకు రాదు. వంద మీటర్లకి ఆరు మీటర్లు పైకి వెళ్ళే రోడ్డు, అంటే 6 శాతం ఎక్కుడు, కొండల్లో మామూలే. దాని మీద ఆ 30 కిలోలు దాదాపు 1.8 కిలోల బలంతో మనల్ని ఆగకుండా వెనక్కి లాగుతుంటాయి. అంకె చిన్నదే, గంటసేపు లాగించుకుంటే గానీ దాని సంగతి తెలీదు. కాబట్టి ట్రైలర్ కొనే ముందు మీ సైకిల్ గేర్లు చూసుకోండి. చైను తిరిగే పళ్ళచక్రాల్లో ముందుదానికి 22 పళ్ళు, వెనకదానికి 34 పళ్ళు ఉంటే పెడల్ ఒక చుట్టు తిరిగితే సైకిల్ సుమారు 1.4 మీటర్లే కదులుతుంది. నడకంత వేగం, కానీ దిగకుండా ఎక్కేయొచ్చు. అలాంటి గేరు లేకపోతే కొండకి ట్రైలర్ తీసుకెళ్ళొద్దు.

తమాషా ఏంటంటే, పాప తొక్కుతోందో లేదో వెనక్కి చూడకుండానే తెలిసిపోతుంది. తొక్కితే సీటు కింద చిన్న తోపు, మానేస్తే అది ఉండదు. "తొక్కుతున్నావా అమ్మా?" అంటే "తొక్కుతున్నా నాన్నా" అని వెంటనే సమాధానం. తొక్కట్లేదని నా తొడలకి తెలుసు. నిటారు ఎక్కుళ్ళలో మాత్రం మనసుపెట్టి తొక్కితే ఆ కాస్త సాయం నిజంగానే ప్రాణం లేచొచ్చినట్టు ఉంటుంది. ఇంకో సంగతి, అంత నెమ్మదిగా వెళ్తున్నప్పుడు తను గొర్రెల్ని చూడ్డానికి పక్కకి వంగిందంటే నా సీటు కూడా అటే వంగుతుంది. తనని కదలకుండా కూర్చోమనడం వృథా. నేనే హ్యాండిల్ వదులుగా పట్టుకుని రోడ్డు అంచుకి కాస్త దూరంగా వెళ్ళడం అలవాటు చేసుకున్నాను.

అసలు పరీక్ష దిగుడులో. వేగం రెట్టింపైతే ఆపాల్సిన శక్తి నాలుగింతలవుతుంది, వెనక 30 కిలోలు తోస్తూనే ఉంటాయి. బ్రేకు నొక్కి పట్టుకునే దిగితే డిస్కులు, అంటే చక్రం మధ్యలో బ్రేకు పట్టే రేకులు, కాలిపోతాయి. చక్రం అంచుని పట్టే రిమ్ము బ్రేకులైతే ఆ వేడికి ట్యూబు పేలే ప్రమాదం కూడా ఉంది. గట్టిగా నొక్కి వేగం తగ్గించడం, వదలడం, మళ్ళీ నొక్కడం, మధ్యమధ్యలో చోటున్న మలుపు దగ్గర ఆగి చల్లారనివ్వడం. ఇదే నా పద్ధతి. ఓసారి ఆగినప్పుడు పాప సీసాలోంచి నీటి చుక్క డిస్కు మీద పడి సుయ్‌మంది. అప్పట్నుంచి ప్రతి మలుపులోనూ "సుయ్ చేద్దామా?" అని అడుగుతుంది. తనకది ఆట, నాకు టెన్షన్.

చలి సంగతి చాలామంది మర్చిపోతారు. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే ఉష్ణోగ్రత సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది. పైకి వచ్చేసరికి నేను చెమటలు కక్కుతుంటాను, పాప చేతులు చల్లగా ఉంటాయి. దిగేటప్పుడు ఎదురుగాలి అదనం. అందుకే కొండెక్కాక ముందు తనకి జాకెట్, గ్లవ్స్, ఆ తర్వాతే ఫొటోలు.

పెద్ద లోపం నిద్ర. రెండు పక్కలా చక్రాలుండి, పిల్ల లోపల కూర్చునే తొట్టి లాంటి ట్రైలర్ అయితే పిల్ల బెల్టు పెట్టుకుని హాయిగా పడుకుంటుంది. ఇందులో కునుకు తీసిందంటే పడిపోవడమే. మధ్యాహ్నం వేళ మా ఆవిడ వెనకే వస్తూ "ఆగండి, ఆగండి, పాప తూలుతోంది!" అని అరిచిన సందర్భాలున్నాయి. వెనక ఇంకో పెద్ద మనిషి లేకుండా దీనితో దూరం వెళ్ళను. రోజు ఎంత పొడవుండాలో తేల్చేది మన కాళ్ళు కాదు, తన నిద్ర. ఎక్కుళ్ళన్నీ పొద్దున్నే పెట్టుకుంటే చాలావరకు సర్దుకుంటుంది.

వస్తువు మన్నిక గురించి. ఫ్రేము, చక్రం చెక్కుచెదరలేదు. అరిగింది ట్రైలర్ పైపు మన సైకిల్‌కి కలిసే జాయింటు లోపలి ప్లాస్టిక్ బుష్షు, అంటే రాపిడి తగలకుండా వేసే చిన్న గొట్టం లాంటి ముక్క. అది అరిగాక ట్రైలర్ ఎప్పుడూ ఎడమకి ఒరిగి, పాప వంకరగా కూర్చోవాల్సి వచ్చేది. కంపెనీకి రాస్తే జాయింటు మొత్తం కొనమన్నారు. అంత చిన్న ముక్క విడిగా అమ్మకపోవడం దారుణం. చివరికి ఒక మెకానిక్ లేతు మీద నైలాన్ బుష్షు చేసిచ్చాడు, అది అసలుదానికంటే మేలు. సీటు పోస్టు కార్బన్‌దైతే దీన్ని బిగించకండి, విరిగే ప్రమాదం ఉంది. పోస్టు లావుకి సరిపోయే షిమ్ము, అంటే సందు పూడ్చే పలచటి పట్టీ, వాడకపోతే కొత్తదైనా ఒరుగుతుంది. మన సైకిల్‌కి వెనక మడ్‌గార్డు తప్పనిసరి, లేకపోతే వానరోడ్డు బురదంతా పిల్ల ముఖానికే.

పాపకి ఒక్కటే ఫిర్యాదు, "నీ చొక్కా తప్ప ఏం కనపడట్లేదు నాన్నా" అని. అది నిజమే, దానికి మందు లేదు.

ఇప్పుడు తను పొడవైంది, సొంత సైకిల్‌కి బ్రేకులు బాగా వేస్తోంది. ఎక్కుడు వచ్చినప్పుడు మాత్రం సాగే తాడు తగిలించి లాగుతున్నాను, దిగుడుకి ముందే విప్పేస్తాను. బరువు తక్కువ, ఊగుడు లేదు. కానీ బ్రేకు మీద పట్టు రాని పిల్లకి తాడు ఇవ్వను, ఆ వయసుకి ట్రైలరే సరి. వాడినది కొనేవాళ్ళు ట్రైలర్‌ని సైకిల్‌కి తగిలించి వెనక నుంచి చూడండి. చక్రం నిటారుగా లేకపోతే బుష్షు పోయినట్టే, ఆ మేరకు బేరమాడండి.