పోల్ బటన్‌తో పదకొండేళ్లు

షిఫ్టు నొక్కి ప్లస్ నొక్కితే వచ్చే, దూరమూ దిశా ఒకేసారి చెప్పే పోల్ కోసమే నేను ఈ కాలిక్యులేటర్‌ను వదలడం లేదు. కాసియో ఎఫ్ఎక్స్-991ఈఎస్ ప్లస్ కొని పదకొండేళ్లయింది. అంకెల మీద రంగు పోయింది, మూత ఏదో పొలం గట్టున ఉండిపోయింది. అయినా పొలం కొలవడానికి వెళ్తే జేబులో ఇదే.

రెండు సర్వే రాళ్ల కోఆర్డినేట్ల (తూర్పు, ఉత్తరం అంకెల) నుంచి దూరం, దిశ రాబట్టడం మా పనిలో సగం. చదువుకునే రోజుల్లో తూర్పు తేడాను ఉత్తరం తేడాతో భాగించి టాన్ ఇన్వర్స్ (ఆ భాగఫలానికి సరిపడే కోణం) చూసేవాళ్లం. ఉత్తరం తేడా −149.94, తూర్పు తేడా 199.92 అనుకోండి. టాన్ ఇన్వర్స్ −53.13 అంటుంది, ఆగ్నేయానికి పోవలసిన గట్టు వాయవ్యానికి తిరుగుతుంది. గుర్తుపెట్టుకుని 180 కలపాలి. మిట్టమధ్యాహ్నం, చుట్టూ నలుగురు వాదులాడుకుంటుంటే అది ఎన్నిసార్లు మరచిపోయానో! పోల్ రెండు తేడాల ప్లస్, మైనస్ గుర్తులనూ విడివిడిగా చూసి నేరుగా 126.87 డిగ్రీలు ఇస్తుంది, దూరం 249.90 మీటర్లతో సహా. మైనస్ వస్తే 360 కలిపితే చాలు. ఉత్తరం ముందు ఇవ్వాలి, తూర్పు తర్వాత.

ఈ అంకెలు ఊరికే రాయలేదు. గుడివాడ దగ్గర అన్నదమ్ముల పంపకంలో, ఉపగ్రహాల సాయంతో స్థానం చెప్పే రోవర్‌తో తీసిన రెండు రాళ్లవి. 249.90 అని కాగితం మీద రాసిచ్చాను. పెద్దాయన మరొకరిని పిలిపించి, నేల మీద దూరాన్ని నేరుగా కొలిచే టోటల్ స్టేషన్‌తో కొలిపిస్తే 250.00 వచ్చింది. "ఈ పది సెంటీమీటర్లు ఎవరి వాటాలోంచి పోయాయి బాబూ?" అన్నారు. మూడుసార్లు నొక్కాను, మూడుసార్లూ 249.90. జవాబు చెప్పలేక తిరిగొచ్చాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

లెక్క తప్పు కాదు. రోవర్ ఇచ్చినవి యూటీఎం (భూమిని నిలువు పట్టీలుగా విడగొట్టి చదును పటంగా చేసే పద్ధతి) 44వ జోన్ అంకెలు. ఆ జోన్ నడిమి రేఖ 81 డిగ్రీల తూర్పు రేఖాంశం, గుడివాడ దాదాపు దాని మీదే ఉంది. గుండ్రటి నేలను చదును కాగితం మీదకు దించితే జోన్ అంచుల్లో పొడవులు సాగుతాయి. ఆ సాగుడు హద్దు మీరకుండా నడుమ 0.9996 వంతుకు కుదించారు. 249.90ని 0.9996తో భాగిస్తే 250.00 వచ్చేసింది. విస్తీర్ణానికైతే రెండుసార్లు భాగించాలి: పది ఎకరాలకు 0.8 సెంటు, అంటే దాదాపు 39 గజాల తేడా. మర్నాడు వెళ్లి చెప్తే పెద్దాయన ఆ భాగహారాన్ని కూడా కాగితం మీద రాయించుకున్నారు.

హైదరాబాద్ వైపు ఇది తిరగబడుతుంది, అక్కడ గ్రిడ్ (ఆ చదును పటం) మీది పొడవే ఎక్కువ. కాబట్టి పోల్‌ను నేను పొగిడినదంతా ఒకే గ్రిడ్‌లో ఉన్నంతవరకే. నేల మీది కొలతతో పోల్చాలంటే గుడివాడకు 0.9996 ఉన్నట్టు ఆ ఊరి గుణకం చేతిలో ఉండాలి.

నావి ఎక్కువగా ఐదారు రాళ్ల పొలాలు కాబట్టి నాకిది సరిపోతోంది. వందల బిందువుల ట్రావర్స్ (ఒక బిందువు నుంచి మరోదానికి వరుసగా కొలుచుకుంటూ పోవడం) చేసేవారికి ల్యాప్‌టాప్ తప్పదు. కొత్తగా కొనేవారు ఒకటి చూసుకోండి: పోల్ ఫలితాలు ఎక్స్, వై మెమరీల్లోకి వెళ్లి అక్కడున్నవాటిని చెరిపేస్తాయి. మొదటి రాయి అంకెలను నేను ఎ, బిలలో ఉంచుతాను.