జావాకు ఓడరేవు, ఫిలిప్పీన్స్‌కు కోట

జావా, ఫిలిప్పీన్స్ రెండూ ఒకే సముద్ర ప్రాంతపు దీవులు. 16వ శతాబ్దంలో రెండు చోట్లా కొత్త మతం వేళ్లూనుకుంది. వచ్చిన దారులే వేరు.

జావాకు ఇస్లాం ఎక్కువగా వర్తకుల ఓడల్లో, సూఫీ గురువుల వెంట వచ్చింది. జావా ఉత్తర తీరపు దెమాక్ రాజ్య సుల్తానుల కత్తి కూడా కొంత తోడైంది, అది దాచనక్కరలేదు. కుదుస్ పట్టణంలోని పాత మసీదు మినారు చూడండి: ఎర్ర ఇటుకలు, మెట్లు మెట్లుగా పీఠం, అచ్చంగా పాత జావా గుడి పోలిక. పైన పెద్ద డోలు వేలాడుతుంటుంది. ఆ ఊరివాళ్లు ఆవును కోయకపోవడం పాత ఆనవాయితీ. అక్కడి పేరున్న సూపు ఆనవాయితీగా గేదె మాంసంతో కాస్తారు. ముస్లిం కళాకారులే తోలుబొమ్మలతో తెల్లవార్లూ మహాభారతం ఆడిస్తారు.

ఫిలిప్పీన్స్‌లో 1565 నుంచి 1898 వరకు స్పెయిన్ పాలన. ఆ పాలకులు తెచ్చిన క్రైస్తవ మతం వెనుకే పన్నులు, వెట్టి. చెల్లాచెదురుగా ఉన్న పల్లెలను చర్చి గంట వినిపించేంత దగ్గరకు చేర్చారు. అక్కడి పాత బైబాయిన్ లిపి క్రమంగా మూలపడింది. విచిత్రమేమిటంటే, స్పానిష్ భాష మాత్రం జనంలో పాతుకోలేదు. బోధన కోసం మతగురువులే తగలోగ్, సెబువానో వంటి స్థానిక భాషలు నేర్చుకున్నారు.

పాత ఆచారాలతో కొత్త మతం కలయిక జావాలోనే ఎక్కువని తొందరపడి తేల్చేస్తాం. నాకు అంత నమ్మకం లేదు. 1521లో స్పెయిన్ తరఫున వచ్చిన నావికుడు మాగెల్లాన్ ఫిలిప్పీన్స్‌లోని సెబూ రాణికి బాలయేసు బొమ్మ కానుకిచ్చాడు. ఇప్పుడు ఏటా జనవరిలో ఆ బాలయేసు పేరిట సెబూ వీధుల్లో డప్పుల మోతకు రెండడుగులు ముందుకు, ఒకడుగు వెనక్కి వేస్తూ సినులోగ్ అనే నృత్యం ఆడతారు.