థ్రిల్లర్లు చదవడానికి ఈ-రీడర్: ఆ శాతం అంకె దాచేశాక చాలా బావుంది

62 శాతం దగ్గర పోలీసులు భర్తను అరెస్టు చేశారు. అతను నేరం ఒప్పుకున్నాడు కూడా. ఆ సీన్ రచయిత నిజంగా బాగా రాశారు, విచారణ గదిలో నిశ్శబ్దం, అతని చేతుల వణుకు, అన్నీ కళ్లకు కట్టాయి. అయినా నాకు ఏ టెన్షనూ కలగలేదు, ఎందుకంటే పుస్తకం ఎంత వరకూ చదివానో చెప్పే అంకె, 62% అని, స్క్రీన్ కింద మూలన కనిపిస్తోంది. ఇంకా మూడో వంతు కథ ఉండగా అసలు హంతకుడు దొరకడు కాబట్టి ఇతను కాదు, ఎవరినో కాపాడటానికి నేరం మీద వేసుకుంటున్నాడు, ఆ ఇంట్లో అతను అంతగా కాపాడే మనిషి కూతురొక్కతే. అక్కడితో నాకు సస్పెన్స్ అయిపోయింది. రచయిత అంత ఓపిగ్గా వేసిన ముడిని రెండంకెలు విప్పేశాయి.

రెండేళ్లుగా కొత్త థ్రిల్లర్లు, సస్పెన్స్ నవలలు దాదాపు అన్నీ ఈ-రీడర్ మీదే, అంటే పుస్తకాలు చదవడానికే చేసిన చిన్న తెర పరికరం మీదే, చదువుతున్నాను, చదివినవాటికి రివ్యూలు రాస్తున్నాను. అందుకే ఇది అందరి కోసం రాసే ఈ-రీడర్ రివ్యూ కాదు. హంతకుడెవరో చివరి దాకా తెలియకుండా చదవాలనుకునేవాళ్లకు ఈ వస్తువు ఎలా పనికొస్తుంది, ఎక్కడ చెడగొడుతుంది అన్నదే నా లెక్క. నా దగ్గరున్నది మామూలు ఆరంగుళాల ఇ-ఇంక్ రీడర్. ఏ కంపెనీదో చెప్పడం లేదు, నేను చెప్పే మంచీ చెడూ ఈ రకం రీడర్లలో చాలావాటికి ఒకేలా వర్తిస్తాయి.

మామూలు సంగతులు ముందు చెప్పేస్తాను. బరువు 200 గ్రాముల లోపే, పడుకుని ఒంటి చేత్తో పట్టుకుని చదవచ్చు, లావు నవల ఛాతీ మీద పెట్టుకుని చదివినవాళ్లకు ఆ సుఖం ఏంటో తెలుస్తుంది. ఇ-ఇంక్ తెరలో నలుపు, తెలుపు రంగు రేణువులు కరెంటు ఛార్జీని బట్టి పైకీ కిందకీ కదిలి అక్షరాలవుతాయి. ఒకసారి పేజీ ఏర్పడ్డాక అది అలాగే నిలిచి ఉండటానికి కరెంటు అక్కర్లేదు, అందుకే బ్యాటరీ వారాల తరబడి వస్తుంది. వెలుతురు తెర వెనక నుంచి కళ్లలోకి కొట్టకుండా అంచుల్లోని చిన్న లైట్ల నుంచి తెర మీద పరుచుకుంటుంది. రాత్రి గదిలో దీపాలన్నీ ఆర్పేసి, ఖాళీ ఇంట్లో ఎవరో నడుస్తున్న చాప్టర్ చదవడానికి ఇంతకన్నా మంచి సాధనం నాకు తెలియదు. పేజీ మారినప్పుడు పాత అక్షరాల నీడ కాస్త మిగులుతుంది, వారంలో అలవాటైపోతుంది.

ఇక ఆ శాతం సంగతి. కాగితం పుస్తకంలో కూడా కుడి చేతి కింద ఎన్ని పేజీలున్నాయో తెలుస్తుంది కదా అని అడగొచ్చు. తెలుస్తుంది, కానీ అది చేతికి తెలిసే సంగతి, ఉజ్జాయింపుగా ఉంటుంది, కథ పట్టులో పడితే మరిచిపోతాం. ఇక్కడ ప్రతి పేజీకీ ఒక అంకె కళ్ల ముందు నిలబడుతుంది. థ్రిల్లర్ చదివేవాళ్ల బుర్ర మామూలుగానే అనుమానాల పుట్ట, దానికి ఈ లెక్క కూడా అందిస్తే కథను వదిలేసి నిర్మాణాన్ని చదవడం మొదలుపెడుతుంది. 25 దగ్గర మొదటి మలుపు, 50 దగ్గర కథ తలకిందులు, 75 దగ్గర హీరోయిన్ ఒంటరైపోవడం, ఇవన్నీ అలారం పెట్టినట్టు వస్తున్నాయని కనిపెట్టేస్తాం. అందుకే ఈ-రీడర్ కొన్నవాళ్లు మొట్టమొదట చేయాల్సిన పని, సెట్టింగ్స్‌లోకి వెళ్లి శాతం, పేజీ నంబరు, ‘చాప్టర్‌లో ఇంకా ఇన్ని నిమిషాలు’ అనేవన్నీ కనపడకుండా చేయడం. చాలా రీడర్లలో ఆ వీలుంది. మీ దాంట్లో లేకపోతే థ్రిల్లర్ల వరకూ అది మీకు సరైన రీడర్ కాదని నేను గట్టిగా చెప్తాను.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. ఒక నవల 91 శాతం దగ్గర ముగిసిపోయింది. హంతకుడు దొరికాడు, అందరూ శాంతించారు, కానీ ఇంకా తొమ్మిది శాతం ఉందంటే కచ్చితంగా చివర్లో ఒక దెబ్బ ఉంటుందని ఊపిరి బిగబట్టి పేజీ తిప్పాను. కృతజ్ఞతలు. ఆ తర్వాత, అదే రచయిత తర్వాతి పుస్తకం మొదటి రెండు చాప్టర్లు నమూనాగా. నిజానికి ఆ ముగింపు చాలా నిండుగా ఉంది, మర్నాడు మళ్లీ చదివితే అర్థమైంది, మొదటిసారి మాత్రం లేని ట్విస్ట్ కోసం ఎదురుచూస్తూ దాన్ని దాటేశాను. నమూనా చాప్టర్లు వేసుకోవచ్చు, తప్పు లేదు, కానీ వాటిని కథ లెక్కలో కలపకూడదు.

అంకెలు దాచాక కూడా ఇంకో ప్రమాదం మిగిలి ఉంటుంది. కొన్ని రీడర్లు ‘చాలామంది అండర్‌లైన్ చేసిన వాక్యం’ అని చుక్కల గీత చూపిస్తాయి. మామూలు నవలల్లో అది ముచ్చటే. సస్పెన్స్ నవలలో, 40వ పేజీలో, “ఆమె గ్లాసు ఎడమ చేత్తో అందుకుంది” లాంటి ఒక మామూలు వాక్యం కింద వందల మంది గీత గీశారంటే అది క్లూ అని చెప్పేసినట్టే. క్లూని మామూలు మాటల మధ్య దాచడమే ఈ రచయితల అసలు పనితనం. ఎక్కడ దాచారో ముందే చూపిస్తే ఇక వెతకడంలో ఆనందం ఏముంది? ఇదీ ఆఫ్ చేయొచ్చు, చేయండి.

వెతుకులాట సదుపాయం కూడా మొదటిసారి చదివేటప్పుడు ముట్టుకోకూడదు. పాత్రలు ఎక్కువున్న కథలో “ఈ పేరు ఎక్కడో విన్నానే” అనిపిస్తుంది, వెతికితే ఆ పేరు వచ్చిన ప్రతి చోటునీ చుట్టుపక్కల మాటలతో సహా చూపిస్తుంది, ఇంకా మనం చదవని భాగంలోవి కూడా. అలా ఒకసారి “శవం” అన్న మాట పక్కన నాకెంతో నచ్చిన పాత్ర పేరు చూశాను. ఆ పాత్ర మరో నూటయాభై పేజీలు బతికే ఉంది, నేను మాత్రం అన్ని పేజీలూ ఆ మాట మోసుకుంటూ చదివాను.

వెనక్కి తిప్పడం మీద మాత్రం నాకు నిజమైన ఫిర్యాదు ఉంది, ఇది సెట్టింగ్స్‌తో తీరేది కాదు. ఇప్పటి సస్పెన్స్ నవలల్లో చాలావరకు ‘అప్పుడు’, ‘ఇప్పుడు’ అని రెండు కాలాల్లో నడుస్తాయి, ఒక్కోసారి ముగ్గురు మనుషులు వంతులవారీగా కథ చెప్తారు. కాగితం మీదైతే వేలు పెట్టుకుని వెనక్కి వెళ్లి తేదీ చూసుకుని వస్తాం, ఆ సంగతి ఎడమ పేజీలో కింద ఉందని కంటికి గుర్తుంటుంది కూడా. ఇక్కడ ప్రతి పేజీ ఒకే చోట వచ్చి ఒకే చోట మాయమవుతుంది. నా జ్ఞాపకశక్తే తగ్గిందేమో అనుకునేదాకా వెళ్లాక, ఒక పరిశోధన గురించి చదివి కాస్త కుదుటపడ్డాను. నార్వేకు చెందిన ఆనే మాంగెన్, మరికొందరు కలిసి 50 మందికి 28 పేజీల మిస్టరీ కథ ఒకటి ఇచ్చారు, సగం మందికి కాగితం మీద, సగం మందికి కిండిల్ అనే ఈ-రీడర్ మీద. ఫలితాలు 2019లో అచ్చయ్యాయి. చాలా విషయాల్లో రెండు జట్లూ దాదాపు సమానమే, కానీ కథలో ఏది ముందు జరిగింది, ఏది తర్వాత జరిగింది అన్న ప్రశ్నల దగ్గర కాగితం మీద చదివినవాళ్లు మెరుగ్గా చెప్పారు. చిన్న ప్రయోగమే, దాన్ని పట్టుకుని పెద్ద మాటలు చెప్పను. కానీ ఎవరు ఎప్పుడు ఎక్కడున్నారన్నదే ప్రాణమైన కథల్లో తడబాటు సరిగ్గా అక్కడే రావడం నా అనుభవంతో అచ్చంగా కలిసింది.

రివ్యూలు రాసేవాళ్లకు ఇంకో సంగతి. పుస్తకం విడుదలకు ముందే ప్రచురణ సంస్థలు పంపే ముందస్తు కాపీలు ఇప్పుడు ఎక్కువగా ఫైల్ రూపంలోనే వస్తున్నాయి. అవి తుది ప్రూఫ్ దిద్దనివి, వాటిలోంచి వాక్యాలు ఎత్తి రాయాలంటే అచ్చయిన పుస్తకంతో పోల్చుకోవాలి, అది న్యాయమే. నాకొచ్చిన ఒక కాపీలో వాలు అక్షరాలన్నీ నిటారు అక్షరాలైపోయాయి. థ్రిల్లర్లో వాలు అక్షరాలంటే తరచుగా హంతకుడి గొంతు. దాంతో హంతకుడు తనలో తాను మాట్లాడుకునే భాగాలు, దర్యాప్తు చేస్తున్న ఆవిడ ఆలోచనలు కలిసిపోయాయి, యాభై పేజీల పాటు ఆవిడకే మతిభ్రమణం అనుకుంటూ చదివాను, అదే ట్విస్ట్ అని కూడా నమ్మాను. రివ్యూ పంపే ముందు అనుమానమొచ్చి అసలు పుస్తకం తెప్పించి చూసుకోబట్టి సరిపోయింది, లేకపోతే ఒక రచయితకు నా చేతులతో అన్యాయం జరిగేది. పీడీఎఫ్‌లో వచ్చే కాపీలైతే ఆరంగుళాల తెర మీద అసలు వద్దు, పెద్ద తెర ఉన్న పరికరం వాడండి.

ఇంత చెప్పాక కూడా నేను దీన్ని వదలకపోవడానికి కారణం, పుస్తకం అయిపోయిన తర్వాతి గంట. చదివేటప్పుడు చెడగొట్టిన ప్రతి సదుపాయమూ అప్పుడు బంగారంలా పనికొస్తుంది. హంతకుడి పేరు కొట్టి వెతుకుతాను. మొదటిసారి ఎక్కడ కనిపించాడు, ఎన్నిసార్లు కనిపించాడు, మధ్యలో ఎంతసేపు మాయమయ్యాడు, అన్నీ రెండు నిమిషాల్లో బయటపడతాయి. రొనాల్డ్ నాక్స్ అని ఒక మతగురువు, తనూ డిటెక్టివ్ నవలలు రాసినవాడే, 1929లో ఈ రకం కథలకు పది నియమాలు రాశాడు. నేరస్థుడు కథ తొలి భాగంలోనే కనిపించి ఉండాలన్నది అందులో మొదటిది, డిటెక్టివ్‌కు దొరికిన ఏ క్లూ అయినా పాఠకుడికి చూపించి తీరాలన్నది ఇంకొకటి. ఆ పదీ ఇప్పుడు ఎవరూ పాటించక్కర్లేదు, కానీ ఈ రెండూ నాకు ఇప్పటికీ న్యాయంగానే అనిపిస్తాయి. ఈమధ్య చాలామంది మెచ్చుకుంటున్న ఒక నవలలో హంతకుడి పేరు మొదటిసారి 71 శాతం దగ్గర వచ్చింది. చదువుతున్నప్పుడు వేగంలో కొట్టుకుపోయి నేను గమనించలేదు, ట్విస్ట్ అదిరిందనే అనుకున్నాను. వెతికి చూశాకే తెలిసింది, నేను ఊహించలేకపోవడానికి రచయిత తెలివి కారణం కాదని, ఊహించడానికి నాకు మనిషినే చూపించలేదని. రివ్యూలో ఆ మాట ధైర్యంగా రాయగలిగాను, ఎవరూ కాదనలేరు. దీనికి సరిగ్గా ఎదురుగా ఇంకో పుస్తకంలో హంతకురాలు రెండో పేజీలోనే తలుపు తీసి లోపలికి రమ్మంటుంది, మొత్తం మీద 140కి పైగా చోట్ల ఉంది, ఒక్కసారి కూడా ఆవిడను అనుమానించలేదు. అలాంటి రచయితకు దండం పెట్టాలనిపిస్తుంది.

నోట్స్ కూడా అంతే. కథ మధ్యలో ఆగి “నా అనుమానం అన్నయ్య మీద, కారణం తాళంచెవి” అని రెండు ముక్కలు రాసుకుంటాను, ఏ వాక్యం దగ్గర రాశానో రీడరే గుర్తుపెట్టుకుంటుంది. చివర్లో ఆ నోట్స్ వరసగా చదివితే రచయిత నన్ను ఎక్కడ పక్కదారి పట్టించారో, ఎక్కడ నేనే దారి తప్పానో కనిపిస్తుంది. అప్పుడు రివ్యూలో కథ బయటపెట్టకుండానే “మూడుసార్లు మోసపోయాను, మూడుసార్లూ తప్పు నాదే” అని రాయొచ్చు. కాగితం మీద పెన్సిల్‌తోనూ చేయొచ్చు గానీ, నేనెప్పుడూ ఇంత క్రమంగా చేయలేదు.

కథ ముందే తెలిస్తే నష్టమేమీ లేదనేవాళ్లూ ఉన్నారు. 2011లో శాన్ డియేగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 12 చిన్న కథలతో ఒక ప్రయోగం చేస్తే, ముగింపు ముందే తెలిసినవాళ్లే మొత్తం మీద కథల్ని ఎక్కువ ఇష్టపడ్డారట. చిన్న కథల సంగతేమో గానీ, మూడు వందల పేజీల నవలతో రెండు మూడు రాత్రులు గడిపే మనిషిగా నేను దీన్ని ఒప్పుకోలేను. తెలియకపోవడం కూడా ఆ పుస్తకంలో భాగమే. అమెరికాలో హార్పర్ ప్రచురణ సంస్థ 1929 నుంచి కొన్ని మిస్టరీ నవలల చివరి భాగాన్ని కాగితంతో సీలు చేసి అమ్మింది, సీలు చించకుండా పుస్తకాన్ని తిరిగి ఇవ్వగలిగితే డబ్బు వాపసు. ఎంత మంచి ఆలోచన! ఈ-రీడర్లలో అలాంటి ‘సీల్డ్’ పద్ధతి ఒకటి ఉండాలని నాకు ఎప్పటి నుంచో కోరిక. ఒక్క మీట నొక్కితే శాతం, గీతలు, చదవని భాగంలో వెతుకులాట అన్నీ మూసుకుపోవాలి, చివరి పేజీ చదివాకే తెరుచుకోవాలి. అన్నీ ఉన్న సదుపాయాలే, ఒక చోట కలిపితే చాలు.

ఇంకో చిన్న విషయం, చాలా ఈ-బుక్స్ తెరవగానే నేరుగా మొదటి చాప్టర్‌కి తీసుకెళ్తాయి. వెనక్కి జరిపి చూడండి. మ్యాప్, పాత్రల పట్టిక, ఒక్కోసారి ఓ పాత ఉత్తరం ముక్క అక్కడే ఉండిపోతాయి, అవి కథలో భాగమే.

నా రేటింగ్, డబ్బా తెరిచినప్పటి సెట్టింగ్స్‌తోనైతే 5కి 2.5, అన్నీ సరిచేసుకున్నాక 4. ఆ మిగిలిన ఒకటి వెనక్కి తిప్పడం దగ్గర పోయింది. ఒకే కాలంలో పరుగెత్తే కథలైతే నిశ్చింతగా దీని మీద చదువుతాను. మొదటి రెండు చాప్టర్లలోనే రెండు వేర్వేరు సంవత్సరాలు కనిపిస్తే మాత్రం అక్కడే ఆపి, ఆ పుస్తకం కాగితం మీద తెచ్చుకుంటున్నాను.