లాసెట్ మాక్ టెస్టులు: చాలాకాలం వాడినాక నా మాట

హన్మకొండలో ఉద్యోగం చేసుకుంటూ మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకి లాసెట్ (తెలంగాణ లా కాలేజీల ప్రవేశ పరీక్ష) రాయాలనుకుంటే కోచింగ్ టైమింగులు కుదరవు. అందుకే మాక్ టెస్టుల మీదే ఆధారపడ్డాను. డబ్బు కట్టి కొన్న యాప్ సిరీస్ ఒకటి, కిషన్‌పురలో జిరాక్స్ తీయించుకున్న పాత పేపర్లు, లాసెట్ వెబ్‌సైట్‌లో ఫ్రీగా దొరికే మాక్. మూడూ వాడాను.

ముందు యాప్ సంగతి, పేరెందుకులే. అది లాసెట్ అని అమ్ముతున్నది నిజానికి క్లాట్ (జాతీయ లా యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష) సరుకు. క్లాట్‌లో 120 ప్రశ్నలకు రెండు గంటలు, తప్పు రాస్తే పావు మార్కు కోత. లాసెట్‌లోనూ 120 ప్రశ్నలే కానీ టైం 90 నిమిషాలు, నెగెటివ్ మార్కులు లేవు. అంటే ప్రశ్నకు 45 సెకన్లు, ఒక్కటీ ఖాళీ వదలకూడదు. ఈ యాప్ మాత్రం పేజీడు పేరా ఇచ్చి చదవమంటుంది. టెస్ట్ అయిపోయాక "మీ యాక్యురసీ తక్కువ, ప్రశ్నలు తగ్గించి రాయండి" అని సలహా కూడా ఇస్తుంది. లాసెట్‌లో ఆ సలహా వింటే చేతికొచ్చే మార్కులు పోయినట్టే. 42 మార్కులు దాటగానే "క్వాలిఫైడ్" అని పూలు చల్లుతుంది. 35 శాతం అంటే అంతే, నిజమే. ఎస్సీ, ఎస్టీలకు ఆ కనీసం కూడా లేదు. కానీ సుబేదారిలోని కేయూ (కాకతీయ యూనివర్సిటీ) లా కాలేజీలో సీటు కావాలంటే చూడాల్సింది ర్యాంకు. యాప్ చూపించే "స్టేట్ ర్యాంక్" ఆ యాప్ కొన్నవాళ్ల మధ్య ర్యాంకు, అంతే.

పాత పేపర్లకే నా ఓటు. ఒక్క జాగ్రత్త. 2024 జులై 1 నుంచి ఐపీసీ (పాత భారత శిక్షాస్మృతి) స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. హత్యకు శిక్ష చెప్పే సెక్షన్ 302 పోయి 103 అయింది, మోసానికి 420 పోయి 318 అయింది. పాత పేపర్లో పాత సెక్షన్ ఉంటే అది పేపర్ తప్పు కాదు, పక్కన పెన్సిల్‌తో కొత్తది రాసుకుంటే సరి. డబ్బు తీసుకునే యాప్ మాత్రం ఇంకా 302కే టిక్కు పెడితే ఏమనాలి? జీకేలోనూ ఇదే కథ. 2021లోనే హన్మకొండ జిల్లా అయిన మా ఊరు ఆ యాప్‌లో ఇప్పటికీ వరంగల్ అర్బనే.

అసలు పని పార్ట్ సీలో, అంటే లా ప్రశ్నల భాగంలో ఉంది. సగం మార్కులు, అంటే 60, అక్కడే. ఒక పేపర్లో రైలాండ్స్ వర్సెస్ ఫ్లెచర్ అనే పాత ఇంగ్లండ్ కేసు సూత్రం ఏదని అడిగి, స్ట్రిక్ట్ లయబిలిటీ, అబ్సల్యూట్ లయబిలిటీ రెండూ ఆప్షన్లలో పెట్టాడు. కీ చూసి ముందుకు పోతే అక్షరం గుర్తుంటుంది, తేడా గుర్తుండదు. రెండూ తన తప్పు లేకపోయినా నష్టానికి బాధ్యత పడుతుందనేవే. మొదటిదానికి దైవఘటన లాంటి మినహాయింపులు ఉన్నాయి. ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు తెచ్చిన రెండోదానికి అవి లేవు. ఇలా తప్పు ఆప్షన్ ఎందుకు తప్పో టార్ట్స్ (సివిల్ తప్పిదాల చట్టం) పుస్తకం తీసి చూసుకోవడానికి, పరీక్ష రాసిన దానికంటే ఎక్కువ టైం పట్టేది. నాకు మార్కులు పెరిగింది అక్కడే. యాప్ వివరణ మాత్రం "సరైన సమాధానం: ఎ" దగ్గరే ఆగిపోయేది.

కరెంట్ అఫైర్స్ 30 మార్కులకు పాత మాక్‌లు దండగ. రోజూ న్యూస్ పేపర్ చదవాల్సిందే.

వెబ్‌సైట్ మాక్‌ను ప్రశ్నల కోసం కాదు, స్క్రీన్ కోసం రాయండి. అదీ ఫోన్లో కాకుండా నెట్ సెంటర్‌లో కంప్యూటర్ మీద. మౌస్‌తో నొక్కడం, "మార్క్ ఫర్ రివ్యూ" రంగులు, పైన తగ్గిపోతుండే టైమరు, వీటికి అలవాటు పడితే చాలు. ఒకట్రెండు సార్లకు మించి అక్కర్లేదు.

యాప్‌ను నేను రెన్యువల్ చేయలేదు. ఇంటర్ చదువుతూ క్లాట్‌కు తయారవుతున్న మా తమ్ముడికి మాత్రం ఆ పేరాలు బాగానే పనికొస్తున్నాయట. మిగిలిన నెలలకు లాగిన్ వాడికే ఇచ్చేశాను.