ఫిషరా, నట్టింగా, మొరేనోనా: ఏ ఓనర్ ఉన్న టీమ్‌కి ఫ్యాన్ అవ్వడం మేలు?

మావాడికి పదేళ్ళు నిండబోతున్నాయి, బర్త్‌డేకి బేస్‌బాల్ జెర్సీ కావాలన్నాడు. ఏ టీమ్‌దిరా అంటే "నువ్వే చెప్పు నాన్నా" అని నా నెత్తిన పెట్టాడు. మేముండేది కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్, నేను ఇక్కడికొచ్చిన దగ్గర్నుంచీ ఓక్లాండ్ అథ్లెటిక్స్ ఫ్యాన్‌ని, అందరూ ఏ'స్ అంటారు కదా ఆ టీమ్. పిట్స్‌బర్గ్‌లో మా బావగారు పైరేట్స్ మనిషి. ఇర్వైన్‌లో ఉండే నా ఇంజనీరింగ్ రూమ్మేట్‌ది ఏంజెల్స్. ముగ్గురం వాట్సాప్ కాల్‌లో కూర్చుంటే జెర్సీ సంగతి పక్కకెళ్ళిపోయి, ఎవరి ఓనర్ ఎక్కువ దరిద్రం అనే పోటీ మొదలైంది, రెండు గంటలు నడిచింది, తేలలేదు. అందుకే ఇక్కడ కూర్చుని తీరిగ్గా రాస్తున్నా.

ముందు మనవాళ్ళకి ఒక్క ముక్క. ఐపీఎల్‌లో వేలానికి అందరికీ ఒకటే పర్సు, 2025 మెగా వేలంలో టీమ్‌కి 120 కోట్లు, అందులో కనీసం 75 శాతం ఖర్చు పెట్టి తీరాలి. ఇక్కడ మేజర్ లీగ్‌లో అలాంటి గట్టి రూల్ లేదు. పైన ఓ గీత దాటితే లగ్జరీ ట్యాక్స్ కట్టాలి, అంతే, కింద గీతే లేదు. పైగా డబ్బున్న టీమ్‌లు లేని టీమ్‌లకి వాటా ఇస్తాయి, రెవెన్యూ షేరింగ్ అంటారు. ఆ వాటా ఆటగాళ్ళ మీద సరిగ్గా పెట్టట్లేదని 2018లో ప్లేయర్స్ యూనియన్ నాలుగు టీమ్‌ల మీద ఫిర్యాదు పెట్టింది, ఆ నాలుగింట్లో నాదీ ఉంది, బావగారిదీ ఉంది. ఇంకోటి, కొత్తగా వచ్చిన కుర్రాడు ఆరేళ్ళు సర్వీస్ పూర్తయ్యేదాకా వేరే టీమ్‌కి తనంతట తాను పోలేడు, మొదటి మూడేళ్ళూ దాదాపు కనీస జీతమే. అంటే ఎంత పిసినారి ఓనర్‌కైనా చవగ్గా ఓ సూపర్‌స్టార్ దొరికే ఏర్పాటు ఉంది. ఆ ఆరేళ్ళూ అయ్యాక ఏం చేస్తాడన్నదే ఓనర్‌కి పరీక్ష. అందుకే నేను కొలిచేది జెర్సీతో. ఇవాళ పిల్లాడికి కొన్న జెర్సీ మీద పేరు ఎన్నాళ్ళు చెల్లుతుంది?

నా టీమ్‌తోనే మొదలుపెడతా, మండుతోంది కాబట్టి. జాన్ ఫిషర్, గ్యాప్ బట్టల కంపెనీ పెట్టిన దంపతుల కొడుకు, 2005లో లూ వోల్ఫ్‌తో కలిసి దాదాపు 18 కోట్ల డాలర్లకి కొన్నాడు. కొన్న దగ్గర్నుంచీ స్టేడియం పాటే. తమాషా ఏంటంటే 2006లో మా ఫ్రీమాంట్‌లోనే కడతామన్నారు, 2009లో వదిలేశారు, తర్వాత శాన్ హోజే అన్నారు, అది శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్ టీమ్ ఇలాకా అని లీగ్ ఒప్పుకోలేదు, ఆ తర్వాత ఓక్లాండ్ ఓడరేవు పక్కన హోవర్డ్ టెర్మినల్ అన్నారు. ఈలోపు 2021 సీజన్ అవగానే టీమ్‌లో ఉన్న మంచి ఆటగాళ్ళని అక్షరాలా అంగట్లో పెట్టారు. సెమియన్ అప్పటికే వెళ్ళిపోయాడు. మ్యాట్ ఓల్సన్ అట్లాంటాకి, చాప్‌మన్ టొరంటోకి, బాసిట్ మెట్స్‌కి, మనాయా పాడ్రెస్‌కి. ఇంట్లో సామానంతా అమ్మేసి, అదే టైమ్‌లో సీజన్ టికెట్ రేట్లు చాలా సీట్లకి దాదాపు డబుల్ చేశారు. 2022లో 102 ఓటములు, 2023లో 112. జనం రావట్లేదు చూశారా, ఈ ఊళ్ళో మార్కెట్ లేదు అన్నారు. వంటలో ఉప్పూ కారం వెయ్యకుండా వడ్డించి, ఎవరూ రెండోసారి అడగట్లేదేంటి అన్నట్టుంది.

2023 జూన్ 13 మాత్రం నేను చచ్చేదాకా మర్చిపోను. ఫ్యాన్సే మాట్లాడుకుని, రాకపోవడం కాదు వచ్చి చూపిద్దాం అని రివర్స్ బాయ్‌కాట్ పెట్టారు. మామూలు రోజు అయిదారు వేలు కనపడటమే గగనమయ్యే మంగళవారం రాత్రి 27,759 మంది, ఆకుపచ్చ టీషర్టుల మీద "సెల్" అన్న ఒకే మాట, అంటే నువ్వు అమ్ముకుని పో, ఊరిని వదిలెయ్ అని. ఆ దరిద్రపు టీమ్ ఆ రోజు టాంపా బే రేస్ టీమ్‌ని 2-1తో కొట్టి వరసగా ఏడో మ్యాచ్ గెలిచింది. అదే రోజు నెవాడా సెనేట్, ఫిషర్ టీమ్‌ని తీసుకుపోదామనుకున్న లాస్ వేగస్‌లో స్టేడియానికి జనం డబ్బు 38 కోట్ల డాలర్లు ఇచ్చే బిల్లు పాస్ చేసింది. నవంబర్‌లో లీగ్ ఓనర్లందరూ కలిసి ఆ తరలింపుకి 30-0తో సై అన్నారు, ఒక్కడంటే ఒక్కడు చెయ్యి దించలేదు. 2024 సెప్టెంబర్ 26న మా ఓక్లాండ్ స్టేడియం కొలీజియంలో ఆఖరి మ్యాచ్, 46,889 మంది, రేంజర్స్ మీద 3-2 గెలుపు. బార్ట్ రైలు దిగి ఆ బ్రిడ్జి మీద నడిచి లోపలికెళ్ళడం అదే ఆఖరు.

ఇప్పుడు ఎక్కడ ఆడుతున్నారో తెలుసా? వేగస్ స్టేడియం 2028కి గానీ రాదు కాబట్టి, వెస్ట్ శాక్రమెంటోలో 14 వేల మంది పట్టే మైనర్ లీగ్ గ్రౌండ్‌లో. ఆ గ్రౌండ్ రివర్ క్యాట్స్‌ది, రివర్ క్యాట్స్ ఎవరి కుర్ర టీమ్ అంటే మా పక్కింటి శత్రువు జెయింట్స్‌ది. వాళ్ళ పిల్లల గదిలో మనవాళ్ళు తలదాచుకుంటున్నారు. ఆ ఆశ్రయం ఇచ్చింది మన ముంబైలో పుట్టిన వివేక్ రణదివే, శాక్రమెంటో కింగ్స్ ఓనర్. ఇప్పుడు టీమ్ పేరులో కూడా ఊరు లేదు, ఉత్త "అథ్లెటిక్స్" అంతే. ఇంటిపేరు పోయిన మనిషిలాగా. అసలు కడుపు మండేది ఇక్కడ: ఓక్లాండ్ వదిలిన రెండు నెలలకి సెవెరీనో అనే పిచర్‌కి, అంటే బంతి విసిరేవాడికి, మూడేళ్ళకి 6.7 కోట్ల డాలర్లు, అప్పటికి ఆ టీమ్ చరిత్రలోనే పెద్ద కాంట్రాక్టు, వెనకాలే రూకర్‌కి ఒకటి, బట్లర్‌కి ఒకటి. 2025లో నిక్ కర్ట్జ్ అనే కుర్రాడు ఒకే మ్యాచ్‌లో నాలుగు హోమ్ రన్స్ (మన సిక్సర్ లాంటివి) కొట్టాడు, రూకీ ఆఫ్ ద ఇయర్, అంటే ఆ ఏటి మేటి కొత్త ఆటగాడు అయ్యాడు. మాకు పస్తులు పెట్టి, ఊరు దాటాక విందు మొదలెట్టారు. మన హైదరాబాద్ వాళ్ళకి డెక్కన్ చార్జర్స్ గుర్తుందిగా, 2009లో కప్పు కొట్టి 2012కల్లా మాయమైంది. కానీ అక్కడ కొన్ని వారాలకే సన్‌రైజర్స్ వచ్చింది, ఊరు ఊరికే ఉండిపోలేదు. ఓక్లాండ్‌లో వారియర్స్ పోయి, రైడర్స్ పోయి, ఏ'స్ కూడా పోయాక మేజర్ టీమ్ ఒక్కటీ మిగల్లేదు.

ఇంతా విని బావగారు "మీకు కనీసం ఏడవడానికి ఓ రోజు దొరికింది బావా, మాకు రోజూ ఏడుపే" అన్నారు. అదీ నిజమే. పైరేట్స్ ఎక్కడికీ పోలేదు, పోరు కూడా. పీఎన్‌సీ పార్క్ 2001లో ఎక్కువభాగం జనం డబ్బుతోనే కట్టింది, నది అవతల ఊరు మొత్తం కనపడుతుంది, మ్యాచ్ రోజు పసుపురంగు క్లెమెంటే బ్రిడ్జి మీద కార్లు ఆపేసి జనాన్ని నడవనిస్తారు. నేనొకసారి అక్కయ్య వాళ్ళింటికి వెళ్ళినప్పుడు పొద్దున పెన్ హిల్స్ వెంకటేశ్వర స్వామి గుడి, సాయంత్రం ఆ పార్క్. ఏది గుడో తెలీలేదు, అంత బాగుంది. దేవుడి సంగతే డౌటు.

బాబ్ నట్టింగ్, న్యూస్‌పేపర్ల కుటుంబం, 2007 నుంచి ఆయనదే పెత్తనం. 1993 నుంచి 2012 దాకా వరసగా 20 సీజన్లు ఓటమి పక్షమే, అందులో చాలాభాగం ఆయన రాకముందుది, ఆ పాపం మొత్తం ఆయన మీద వెయ్యడం న్యాయం కాదు. 2008లో మన యూపీ కుర్రాళ్ళు ఇద్దర్ని, ఈటె విసిరేవాళ్ళని, టీవీ పోటీలో మొదటి రెండు స్థానాల్లో నిలిస్తే సైన్ చేసింది కూడా ఈ టీమే, రింకూ సింగ్, దినేష్ పటేల్ (ఈ రింకూ కేకేఆర్ రింకూ కాదు, ఈయన తర్వాత రెజ్లింగ్‌కి వెళ్ళాడు). 2013లో ఎట్టకేలకి ప్లేఆఫ్స్ వచ్చాయి. సిన్సినాటి పిచర్ క్వేటో పేరుని స్టేడియం మొత్తం రాగం తీసి అరుస్తుంటే ఆయన చేతిలో బంతి జారి కిందపడింది, మరుసటి బంతికే రసెల్ మార్టిన్ హోమ్ రన్. బావగారు ఆ సీన్ ఇప్పటికి ఓ నూటయాభై సార్లు చెప్పుంటారు. 2015లో 98 మ్యాచ్‌లు గెలిచారు. ఒక్క మ్యాచ్‌తో తేలిపోయే వైల్డ్ కార్డు ప్లేఆఫ్‌లో షికాగో కబ్స్ పిచర్ అరియెటా చేతిలో అయిపోయింది.

అక్కడ, సరిగ్గా అక్కడ, ఓనర్ జేబులో చెయ్యి పెట్టాల్సింది. పెట్టలేదు. 2016లో 78 గెలుపులకి జారారు. 2018 జనవరిలో రెండ్రోజుల తేడాలో గెరిట్ కోల్‌ని హ్యూస్టన్‌కి, ఊరు ఊరంతా ప్రేమించిన మెకచెన్‌ని శాన్ ఫ్రాన్సిస్కోకి పంపేశారు. మరి పొదుపే పాలసీ అయితే అలాగే ఉండొచ్చుగా, అదే ఏడాది జూలైలో క్రిస్ ఆర్చర్ కోసం గ్లాస్‌నో, మెడోస్, పైన షేన్ బాజ్‌ని కూడా ఇచ్చేశారు. ముసలి బర్రె కోసం మూడు పాడి దూడల్ని ఇచ్చినట్టు. 2023లో బ్రయన్ రేనాల్డ్స్‌కి ఇచ్చిందే అప్పటికి ఈ టీమ్ చరిత్రలో పెద్ద కాంట్రాక్టు, ఎనిమిదేళ్ళకి పది కోట్ల చిల్లర డాలర్లు. డాడ్జర్స్ ఒక్క ఓహ్తానీకి 70 కోట్లు రాసిచ్చారు.

ఇప్పుడు పాల్ స్కీన్స్ అనే పిచర్ ఉన్నాడు. 2023 డ్రాఫ్ట్‌లో (టీమ్‌లు వంతులవారీగా కొత్త కుర్రాళ్ళని ఎంచుకునేది) ఫస్ట్ పిక్, 2024లో రూకీ ఆఫ్ ద ఇయర్, 2025లో మేటి పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు, ఈఆర్ఏ 1.97, అంటే తొమ్మిది ఇన్నింగ్స్ వేస్తే సగటున రెండు పరుగులు కూడా ఇవ్వడు. ఆయన ఖాతాలో గెలుపోటములు ఎంతో తెలుసా? 10-10. అలాంటి బౌలింగ్ వేసినోడికి పది ఓటములు రావాలంటే మిగతా తొమ్మిదిమంది బ్యాట్లు ఎంత నిద్రపోయుండాలి. ఆ ఏడు టీమ్ 71-91. సొంత గ్రౌండ్‌లో సీజన్ మొదటి మ్యాచ్‌లోనే "సెల్ ద టీమ్" అరుపులు, పైన విమానానికి అదే బ్యానర్. రైట్ ఫీల్డ్ గోడ మీద వాళ్ళ పాత దిగ్గజం క్లెమెంటే గుర్తుని తీసి యాడ్ పెట్టారు, గోల చేస్తే మళ్ళీ పెట్టారు. మేనేజర్‌ని మే నెలలో పీకేశారు, బ్యాట్లు మాత్రం అవే. స్కీన్స్‌కి ఆ సీజన్ జీతం పది లక్షల డాలర్లు కూడా లేదు, 2029 తర్వాత ఫ్రీ ఏజెంట్, అంటే ఏ టీమ్‌కైనా పోవచ్చు. ఏం జరుగుద్దో ఊళ్ళో చిన్నపిల్లలకి కూడా తెలుసు.

ఇక ఇర్వైన్‌వాడు. వీడిది వేరే జబ్బు. "మావాడు ఖర్చు పెడతాడ్రా, అదే ప్రాబ్లం" అంటాడు. ఆర్టే మొరేనో 2003లో డిస్నీ దగ్గర కొన్నాడు, రాగానే బీరు రేటు తగ్గించాడు, జనం నెత్తిన పెట్టుకున్నారు. ఆ తర్వాత పూహోల్స్‌కి పదేళ్ళకి 24 కోట్ల డాలర్లు, హామిల్టన్‌కి అయిదేళ్ళకి 12.5 కోట్లు, రెండాన్‌కి ఏడేళ్ళకి 24.5 కోట్లు. ఆ రెండాన్ 2021 నుంచి ఏ సీజన్‌లోనూ 60 మ్యాచ్‌లు దాటలేదు, 2025లో ఒక్కటీ ఆడలేదు. పేరున్న బ్యాటర్ కనపడితే ఆగలేడు, పిచింగ్ గురించి ఎవరైనా చెబితే వినడు, పెళ్ళికి బంగారం కొని బియ్యం మర్చిపోయే రకం. 2021 డ్రాఫ్ట్‌లో 20 పిక్స్‌కి 20 మందీ పిచర్లే, అంటే ఎంత కరువులో ఉన్నారో ఊహించుకోండి.

ఈయన టీమ్‌లో ఆరేళ్ళు ట్రౌట్, ఓహ్తానీ ఇద్దరూ ఉన్నారు. లీగ్‌లో మేటి ఆటగాడికిచ్చే ఎంవీపీ అవార్డు కొట్టిన ఇద్దరు ఒకే డ్రెస్సింగ్ రూమ్‌లో, ఆ ఆరేళ్ళలో ఒక్క సీజన్ కూడా గెలుపులు ఓటముల్ని దాటలేదు. ట్రౌట్ మొత్తం కెరీర్‌లో ప్లేఆఫ్ మ్యాచ్‌లు మూడంటే మూడు, 2014లో. 2022 ఆగస్టులో టీమ్ అమ్ముతానన్నాడు, ఫ్యాన్స్ పండగ చేసుకున్నారు, 2023 జనవరిలో అమ్మనన్నాడు. ఆ జూలైలో ఓహ్తానీని ట్రేడ్ చేస్తే కుర్రాళ్ళు దండిగా వచ్చేవాళ్ళు, చెయ్యకుండా జియోలీటోని ఇంకా కొందర్ని తెచ్చి పందెం కాశారు, నెల తిరిగేసరికి ఓడిపోయి ఆ తెచ్చినవాళ్ళనే వెయివర్స్ మీద, అంటే కావలసిన టీమ్ తీసుకోండని, వదిలేశారు. డిసెంబర్‌లో ఓహ్తానీ అదే ఫ్రీవే మీద ఇంకాస్త పైకెళ్ళి డాడ్జర్స్‌లో చేరాడు, 2024లో, 2025లో కప్పులు. ఏంజెల్స్ 2024లో 99 ఓటములు, వాళ్ళ చరిత్రలో రికార్డు.

మరి ఏది మేలు? నా ఓటు మొరేనోకే, ఇర్వైన్‌వాడు నవ్వినా సరే. వాడు 2012లో కొన్న ట్రౌట్ 27 నంబర్ జెర్సీ ఇప్పటికీ చెల్లుతోంది, ఎందుకంటే ఆ మనిషిని అట్టిపెట్టుకోవడానికి 2019లో పన్నెండేళ్ళకి 42.65 కోట్లు ఇచ్చారు. ఓడిపోయినా సరే వాడు ఆరేళ్ళు ఓహ్తానీ బంతి వెయ్యడం, అదే రాత్రి బ్యాట్ పట్టడం కళ్ళారా చూశాడు. తప్పుగా ఖర్చుపెట్టే ఓనర్‌కి మంచి జీఎం (ఆటగాళ్ళని ఎంచే జనరల్ మేనేజర్) దొరికి, ఆయన మాట విన్నాడంటే రెండేళ్ళలో మారొచ్చు. ("వింటే కదా," అన్నాడు వాడు.) ఖర్చే పెట్టనాయన దగ్గర ఏ జీఎం వచ్చినా చేసేదేముంది, డ్రాఫ్ట్‌లో అదృష్టం కోసం చూడటం తప్ప. అయినా రెండో స్థానం నట్టింగ్‌దే, ఎందుకంటే ఆయన రేపు అమ్మితే ఎల్లుండి పొద్దున పైరేట్స్ అదే బ్రిడ్జి పక్కన ఉంటారు. ఫిషర్ రేపు అమ్మినా మాకొచ్చేదేం లేదు. నేను దాచుకున్న ఓల్సన్ జెర్సీ మీద మనిషీ లేడు, ఊరూ లేదు.

బావగారు ఒప్పుకోలేదు. ఓహ్తానీని చేతిలో పెట్టుకుని ఏమీ గెలవనోడు పిసినారి కంటే ఘోరం అని ఆయన పట్టు, డబ్బు మళ్ళీ వస్తుంది గానీ అలాంటోడు మళ్ళీ పుడతాడా అని. దానికి నా దగ్గర గట్టి జవాబు లేదు, నిజం చెప్పాలంటే.

జెర్సీ మాత్రం స్కీన్స్‌దే ఆర్డర్ చెప్పాను. ఓనర్ మొరేనో మేలన్నావు, జెర్సీ పైరేట్స్‌ది కొంటావా అని ఇర్వైన్‌వాడు అరిచాడు. అరే, మావాడికి పదేళ్ళు, వీపుకి సరిపోయే సైజు కొంటే 2029కల్లా ఎలాగూ పొట్టయిపోద్ది. బావగారు వచ్చేటప్పుడు గుడి లడ్డూలతో పాటు తెస్తామన్నారు.