తిరుపతి హోటల్ కిచెన్ డక్టుకు రెజొనేటర్: పనితనం ఎలా ఉంది?

రేణిగుంట రోడ్డు వైపు ఓ షీట్ మెటల్ షాపు చేసిచ్చిన ఈ రెజొనేటర్, అంటే పొగ పోయే డక్టుకు పక్కగా అతికే, చివర మూసిన గొట్టం, వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాను హూంకారానికి సరైన మందే. గొట్టం పొడవు శబ్ద తరంగంలో పావు వంతు ఉంటే, లోపలికెళ్లి తిరిగొచ్చిన శబ్దం డక్టులోని అదే మోతను రద్దు చేస్తుంది. డక్టులో శబ్దం పీల్చే గ్లాస్ ఊల్ (గాజు నార) పరిస్తే నూనె పీల్చుకుంటుంది, ఆపై నిప్పు భయం. దీనికా బాధ లేదు.

లెక్క బాగానే కట్టారు. 8 రెక్కల ఫ్యాను 960 ఆర్‌పీఎంతో తిరిగితే మోత 128 హెర్ట్జ్. గాలి 45 డిగ్రీలుంటే ఆ శబ్ద తరంగంలో పావు వంతు 70 సెంటీమీటర్లు. 10 సెంటీమీటర్ల వ్యాసం గొట్టం కాబట్టి మూతి సవరణకు (తెరిచిన మూతి వల్ల గొట్టం శబ్దానికి కాస్త పొడవుగా పనిచేస్తుంది) 4 తీసేసి 66కి కోశారు. పొద్దున్నే, పొయ్యిలు వేడెక్కకముందు గాలి 25 డిగ్రీలే. అప్పుడు అదే గొట్టం 128 దగ్గర కాక 124 హెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది. బెల్టు జారి స్పీడు తగ్గినా గురి తప్పినట్టే. అందుకే పొడవు సరిచేసుకునేలా చివర ముందుకూ వెనక్కీ జరిగే మూత పెట్టడం తెలివైన పని.

రేకు దగ్గరే కక్కుర్తి. 24 గేజ్ వాడారు (గేజ్ అంకె పెరిగేకొద్దీ రేకు పల్చన), అది తానే అదురుతుంది. 18 గేజ్ పట్టుబట్టి అడగండి. పైగా గొట్టాన్ని డక్టు అడుగున బిగించారు! జిడ్డు అందులోకే దిగి, పేరుకుని, పొడవు తగ్గించేస్తుంది. పైభాగాన పెట్టించాలి, అతుకుల్లో సందు ఉండకూడదు.

గాలి స్‌స్‌మనే శబ్దం మాత్రం దీంతో తగ్గదు.